వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే జివ్వుమంటోంది: ఎర్త్‌ని న్యూట్రల్‌తో కలిపేయమంటున్నాడు ఎలక్ట్రీషియన్, కలపొచ్చా?

కొత్తిల్లు (తెనాలి)

అందరికీ నమస్కారం. మాది జీ ప్లస్ వన్ ఇల్లు, త్రీ ఫేజ్ మీటరు. గృహప్రవేశమై ఏడాది దాటింది. ఈమధ్య వాషింగ్ మెషీన్ మీద తడి చెయ్యి పడితే జివ్వుమంటోంది. ఫ్రిజ్ తలుపు దగ్గర కూడా కొంచెం అలాగే ఉంది. టెస్టర్ పెడితే మెషీన్ బాడీ మీద సన్నగా వెలుగుతోంది. మా ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "ఎర్త్ వీక్ అయింది సార్, సాకెట్లో ఎర్త్ పిన్నుకీ న్యూట్రల్‌కీ ఒక చిన్న ముక్క వేసేస్తే పోతుంది" అన్నాడు. ఎలాగూ న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమిలోకే దింపుతారు కదా, రెండూ ఒకటే అంటున్నాడు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఎందుకో మనసొప్పక ఆపాను. పెద్దలు చెప్పండి.

ఫ్యూజువైరు (హైదరాబాద్)

మంచి పని చేశారు. కలపొద్దు. కారణం తర్వాత చెప్తాను. ముందు మల్టీమీటర్ ఉన్నవాళ్ళెవరితోనైనా ఆ సాకెట్ దగ్గర మూడు రీడింగులు తీయించండి. ఫేజుకీ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కీ (తిరిగి వెళ్ళే వైరు) మధ్య, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య. మెషీన్ ప్లగ్ పెట్టి, స్విచ్ ఆన్‌లో ఉండగా, పక్క సాకెట్లో తీయాలి. టెస్టర్‌ని పక్కన పెట్టేయండి. దానిలోని నియాన్ బుడ్డి మైక్రో ఆంపియర్లకే వెలుగుతుంది. ప్రాణం తీసే కరెంటుకీ, ఉత్త చక్కిలిగింత కరెంటుకీ తేడా దానికి తెలియదు.

ఇంకో మాట. డీబీలో (స్విచ్‌లన్నీ ఉండే మెయిన్ బాక్సు) ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఉందా?

కొత్తిల్లు

ఉండేదండి. కింద ఒకటి, పైన ఒకటి పెట్టించాం. ఇన్వర్టర్ బిగించిన దగ్గర్నుంచి ఊరికే పడిపోతోందని అతనే రెండింటినీ డైరెక్ట్ చేశాడు. బాక్సులో కనిపిస్తాయి గానీ వైర్లు వాటిలోంచి పోవు.

వైర్‌మన్ అన్న (మిర్యాలగూడ)

నేను ఫీల్డులో పనిచేసేవాణ్ని కాబట్టి చెప్తున్నా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. పాత ఇళ్ళల్లో ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటుంది. గీజర్ బాడీకి ఫేజు తగిలినా ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే ఆగే స్విచ్) పడదు. అదే న్యూట్రల్‌తో లూపు వేస్తే, అంటే ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ ముక్క కలిపితే, ఠప్పున పడిపోతుంది. ఏళ్ళ తరబడి వేస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. పుస్తకం చదివినోళ్ళు భయపెడతారు గానీ పనిలో దిగితే తెలుస్తుంది.

రిటైర్డ్ ఏఈ (ఒంగోలు)

వైర్‌మన్ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అందుకే అది ప్రమాదం. ముందు ఆ నిజం సగం సంగతి చూద్దాం.

మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని 433 వోల్టులకి దించుతుంది. ఎల్‌టీ (తక్కువ వోల్టుల) వైపు మూడు తీగ చుట్టలూ ఒకచోట కలుస్తాయి, దాన్ని స్టార్ పాయింట్ అంటాం, అక్కడి నుంచి న్యూట్రల్ వస్తుంది. ఆ చోటుని రెండు వేరు వేరు ఎర్త్‌లతో భూమికి కలుపుతారు. బాడీకి ఇంకో రెండు. మన ఇంటికి స్తంభం నుంచి ఫేజులూ న్యూట్రలూ వస్తాయి తప్ప, ఎర్త్ వైరు రాదు. ఎర్త్ మనమే మన ఆవరణలో గొయ్యి తీసి పెట్టుకోవాలి. అంటే మీ గీజర్ బాడీకి ఫేజు తగిలితే ఆ కరెంటు పచ్చ వైరులో (అదే ఎర్త్ వైరు) గొయ్యిలోకి దిగి, మట్టిలోంచి ట్రాన్స్‌ఫార్మర్ గొయ్యి దాకా వెళ్ళి, స్టార్ పాయింట్ చేరాలి.

లెక్క వేయండి. మీ గొయ్యి 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్‌ది 2 ఓములు అనుకుందాం. 230ని 12తో భాగిస్తే 19 ఆంపియర్లు. గీజర్‌కున్న 16 ఆంపియర్ల ఎంసీబీకి అది పెద్ద లెక్కలోది కాదు. సీ రకం ఎంసీబీ వెంటనే పడాలంటే రేటింగ్‌కి 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు పోవాలి. 19 ఆంపియర్లకి గంట దాటినా పడకపోవచ్చు. ఆ గంటసేపూ గీజర్ బాడీ మీద 19 × 10, అంటే 190 వోల్టులు నిలబడి ఉంటాయి. అంటే ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, అయినా మనిషి పోతాడు. న్యూట్రల్‌తో కలిపితే పడుతుంది అని తమ్ముడు అన్నది ఇదే. కళ్ళారా చూశాడు కాబట్టి నమ్ముతాడు.

ఇక రెండో సగం. న్యూట్రల్ అంటే పనిచేసే వైరు. బల్బు నుంచి ఏసీ దాకా ప్రతి ఆంపియరూ దానిలోంచే తిరిగి వెళ్తుంది. ఎర్త్‌లో మామూలుగా ఏమీ పారకూడదు, ఏదన్నా తప్పు జరిగినప్పుడు తప్ప. ఎర్త్ వీక్‌గా ఉన్న ఇంట్లో సాకెట్లో రెండూ కలిపారు అనుకోండి. ఆ సాకెట్‌కి వచ్చే న్యూట్రల్ ఎక్కడో స్విచ్ బోర్డు వెనక లూజయి ఊడింది. ఇప్పుడు ఫేజు మోటారు చుట్టల్లోంచి దాటి న్యూట్రల్ కొసకి వచ్చి ఆగిపోతుంది. ఆ కొసని మీరు బాడీకి కట్టారు. మెషీన్ తిరగదు, కానీ రేకు మొత్తం 230 వోల్టులతో ఉంటుంది. ఎంసీబీ పడదు, ఎందుకంటే దాని లెక్కలో తప్పేమీ జరగలేదు. "కరెంటు లేదేమిటి" అనుకుంటూ చెయ్యి వేస్తారు.

ఇంకా ఘోరం ఒకటుంది. గాలివానకి తీగలు తెగి మళ్ళీ కట్టేటప్పుడు స్తంభం మీద ఫేజూ న్యూట్రలూ తారుమారు కావడం నా సర్వీసులో చూశాను. అలాంటప్పుడు మామూలు ఇంట్లో ఫ్యాన్లూ లైట్లూ ఎప్పటిలాగే పనిచేస్తాయి, ఎవరికీ తెలియదు. లూపు వేసిన ఇంట్లో మాత్రం ప్రతి ఇనుప వస్తువూ నేరుగా ఫేజు అయిపోతుంది.

డల్లాస్ బాబాయ్

ఏఈ గారూ, చిన్న సందేహం. మా ఇంట్లో గరాజ్ పక్కన మెయిన్ ప్యానెల్ తెరిచి చూస్తే తెల్ల వైర్లూ (ఇక్కడ న్యూట్రల్), పచ్చవీ, తొడుగు లేని రాగి వైర్లూ (ఎర్త్) అన్నీ ఒకే బార్ మీద బిగించి ఉన్నాయి. ఇక్కడ అది కోడ్ ప్రకారమే అంటున్నారు. అక్కడ ప్రాణాంతకం, ఇక్కడ చట్టం ఎలా అయింది?

రిటైర్డ్ ఏఈ

బాగా అడిగారు. మీ దగ్గర యుటిలిటీ వాళ్ళ న్యూట్రల్‌ని దారి పొడవునా చాలాచోట్ల భూమికి దింపుతారు, మీ ఇంటి దగ్గర మీరు కూడా రాడ్ దించుతారు. మెయిన్ స్విచ్ దగ్గర ఒకే ఒక్క చోట, పక్కా బాండింగ్‌తో కలుపుతారు. అక్కడి నుంచి లోపలికి రెండూ వేరు. మీ గరాజ్‌లో సబ్ ప్యానెల్ ఉంటే చూడండి, అందులో న్యూట్రల్ బార్ ప్లాస్టిక్ దిమ్మల మీద విడిగా, గ్రౌండ్ (ఎర్త్) బార్ రేకుకి తగిలి విడిగా ఉంటాయి. అక్కడ కలిపితే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు. అంటే మీ కోడ్ కూడా సాకెట్లో కలపమని ఎక్కడా చెప్పదు. మీ ఎర్త్ వైరు పని, తప్పు కరెంటుని మట్టిలోంచి కాకుండా లోహం దారిలో ట్రాన్స్‌ఫార్మర్‌కి చేర్చి బ్రేకర్‌ని పడగొట్టడం. మనకి డిస్కం వాళ్ళు ఆ దారి ఇవ్వరు. అందుకే మనకి ఆర్‌సీసీబీ తప్పదు.

డల్లాస్ బాబాయ్

చూశానండి. సబ్ ప్యానెల్‌లో విడివిడిగానే ఉన్నాయి. బాత్రూమ్ సాకెట్ల మీద టెస్ట్, రీసెట్ బొత్తాలు కూడా ఉన్నాయి, 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పడతాయట. థాంక్స్.

కొత్తిల్లు

రీడింగులు తీయించాను. ఫేజు–న్యూట్రల్ 232. ఫేజు–ఎర్త్ 118. న్యూట్రల్–ఎర్త్ 112. మెషీన్ ప్లగ్ పీకేస్తే ఫేజు–ఎర్త్ 90 దగ్గర ఊగుతోంది. ఫ్రిజ్ కూడా పీకేస్తే ఇంకా పడిపోయి, నిలకడ లేకుండా ఏవేవో అంకెలు చూపిస్తోంది.

ఫ్యూజువైరు

దొరికింది. 232లో ఇటు సగం, అటు సగం. మీ ఇంటి పచ్చ వైరు ఎక్కడో తెగి గాల్లో వేలాడుతోంది.

వాషింగ్ మెషీన్, కంప్యూటర్, కొత్త రకం ఫ్రిజ్, వీటన్నిటి లోపల నాయిస్ ఫిల్టర్ (కరెంటులోని రొదని వడగట్టేది) ఉంటుంది. అందులో రెండు చిన్న కెపాసిటర్లు ఒకటి ఫేజు నుంచి బాడీకి, ఇంకోటి న్యూట్రల్ నుంచి బాడీకి కట్టి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కాస్త కరెంటూ గొయ్యిలోకి పోతుంది, మనకి తెలియదు. ఎర్త్ లేకపోతే బాడీ సరిగ్గా మధ్యలో, 115 వోల్టుల దగ్గర తేలుతుంది. 4.7 నానో ఫారడ్ కెపాసిటర్ అనుకుంటే, ముట్టుకున్నవాళ్ళ ఒంట్లోంచి పోయేది ఒక మిల్లీ ఆంపియర్‌లో మూడో వంతు. జివ్వుమంటుంది, చంపదు.

కాకపోతే అసలు భయం అది కాదు. ఇంట్లో పచ్చ వైర్లన్నీ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి, భూమికి మాత్రం తగలడం లేదు. రేపు గీజర్ ఎలిమెంట్ చిల్లుపడి బాడీకి ఫేజు వస్తే అది ఒక్క గీజర్‌తో ఆగదు. ఫ్రిజ్, మెషీన్, మిక్సీ పక్కనున్న ఇస్త్రీపెట్టె, అన్నిటి బాడీలూ ఒకేసారి ఫేజు అవుతాయి. ఆర్‌సీసీబీ కూడా తీసేశారు కాబట్టి ఆపేది ఏమీ లేదు. ఈ రోజు నుంచి గీజర్ ఆపండి. ఈమధ్య ఇంటి చుట్టూ ఏమన్నా పని చేయించారా?

కొత్తిల్లు

పార్కింగ్‌లో పేవర్ బ్లాకులు వేయించాం! సరిగ్గా దాని తర్వాతే మొదలైందని ఇప్పుడు మా ఆవిడ అంటోంది. ఎర్త్ గొయ్యి అక్కడే ఎక్కడో ఉండాలి. ఆదివారం తవ్విస్తాను.

పల్నాటి రైతు

మధ్యలో దూరుతున్నా. మా వైపు పొలాల్లో ఇంకో రకం ఉంది. మోటారు షెడ్డులో బల్బు కావాలంటే ఒక ఫేజు తీసుకుని, రెండో కొసకి ఇనుప కడ్డీ పాతి నేలలో దించేవాళ్ళు. న్యూట్రల్ తీగ ఖర్చు మిగులుతుందని. బల్బు వెలుగుతుంది. తప్పా?

రిటైర్డ్ ఏఈ

చాలా తప్పు బాబూ. వానాకాలం నేల తడిగా ఉన్నంతకాలం బల్బు వెలుగుతుంది. ఎండాకాలం కడ్డీ చుట్టూ నేల ఎండితే బల్బు మసకబారుతుంది, ఆ మేరకు వోల్టులు కడ్డీ మీదకి వస్తాయి. కడ్డీకి కట్టిన తీగ ఊడి కింద పడిందనుకోండి, ఆ కొస మీద బల్బులోంచి వచ్చిన ఫేజు మొత్తం ఉంటుంది. గొడ్లకి ముందరి కాళ్ళకీ వెనక కాళ్ళకీ దూరం ఎక్కువ, గిట్టల కింద చెప్పులుండవు. మనిషికి తెలియని కరెంటుకి కూడా గేదె పడిపోతుంది.

స్టార్టర్ బాక్సుకి ఎర్త్ ఉందా మీ దగ్గర? బోరు కేసింగ్ ఇనుపదైతే దానికే క్లాంపు వేసి స్టార్టర్ బాడీని కలిపేవాళ్ళం, అంత లోతున దిగినదానికి మించిన ఎర్త్ ఉండదు. ఇప్పుడు అందరూ పీవీసీ కేసింగ్ దించుతున్నారు, దానికి క్లాంపు వేసి లాభం లేదు. విడిగా పైపు పాతుకోవాల్సిందే.

పల్నాటి రైతు

మాది పీవీసీ కేసింగే. స్టార్టర్‌కి ఎర్త్ లేదు. సరే సార్, వేయిస్తా. అన్నట్టు మోటారుకి మూడు తీగలే వస్తాయి, న్యూట్రల్ రాదేం?

మిల్లు మెయింటెనెన్స్ (గుంటూరు)

దీనికి నేను చెప్తా. త్రీ ఫేజ్ మోటారులో మూడు చుట్టలూ ఒకే రకం. మూడు ఫేజుల్లో సమానంగా కరెంటు పారితే కలిసే చోట మొత్తం సున్నా, తిరిగి పంపాల్సింది ఏమీ మిగలదు. అందుకే న్యూట్రల్ అక్కర్లేదు. ఎర్త్ మాత్రం కావాలి, ఒకటి కాదు రెండు. మా స్పిన్నింగ్ మిల్లులో ప్రతి మోటారు బాడీకీ అటొకటి ఇటొకటి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పట్టీ ఉంటుంది. ఒకటి తుప్పు పట్టి ఊడినా రెండోది ఉండాలని. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వస్తే ముందు చూసేది అవే.

ఇక ఇండస్ట్రీలో ఈ లూపు రోగం వేరే వేషంలో వస్తుంది. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మెషీనో, సర్వరో కొంటారు. కంపెనీ ఇంజినీరు వచ్చి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2 వోల్టులు మించి ఉంటే ఇన్‌స్టాల్ చేయను, వారంటీ రాదు అంటాడు. మనకి 6, 7 వోల్టులు చూపిస్తుంటుంది. మేనేజర్‌కి టెన్షన్. ఎవడో ఒక తెలివైనవాడు మెషీన్ టెర్మినల్ దగ్గర రెండూ కలిపేస్తాడు, మీటర్ సున్నా చూపిస్తుంది, అందరూ టీ తాగి వెళ్ళిపోతారు. ఆ రోజు నుంచి న్యూట్రల్ కరెంటులో కొంత భాగం పచ్చ వైరులో, కేబుల్ ట్రేలో, డేటా కేబుల్ తొడుగులో పారడం మొదలు. ఆ తర్వాత కమ్యూనికేషన్ ఎర్రర్లు, కార్డులు పోవడం.

ఆ 6 వోల్టులు ఎక్కడివి? చాలాసార్లు ఎర్త్‌కి ఏ సంబంధమూ ఉండదు. న్యూట్రల్ పొడవుగా ఉంది, కరెంటు ఎక్కువ పారుతోంది, దారిలో అన్ని వోల్టులు డ్రాప్ అయ్యాయి. మందు కూడా అక్కడే వేయాలి. న్యూట్రల్ సైజు పెంచాలి, లోడు మూడు ఫేజుల మీద సర్దాలి. అప్పటికీ కుదరకపోతే మెషీన్ పక్కనే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, దాని సెకండరీలో (కరెంటు బయటికిచ్చే వైపు) కొత్త న్యూట్రల్ పుట్టించి, అక్కడ ఒక్కచోట ఎర్త్‌తో కలపాలి. అది న్యాయంగా కలపడం, ఎందుకంటే అక్కడ ఆ న్యూట్రల్‌కి పుట్టిల్లు అదే.

వైర్‌మన్ అన్న

సరే, న్యూట్రల్ ఊడితే ప్రమాదం అన్నారు, ఒప్పుకుంటా. మరి లూపు లేకపోయినా న్యూట్రల్ ఊడితే టీవీలు కాలిపోతాయి కదా. మొన్న మా ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో అదే జరిగింది. అది ఎర్త్ వల్లే అని వాళ్ళ సూపర్‌వైజర్ అన్నాడు.

ఫ్యూజువైరు

అది ఎర్త్ వల్ల కాదన్నా, త్రీ ఫేజ్ వచ్చే చోట మెయిన్ న్యూట్రల్ తెగితే జరిగేది. మూడు ఫేజుల్నీ ఆర్, వై, బీ అంటాం. ఒక ఫ్లాట్ ఆర్ ఫేజు మీద, ఇంకో ఫ్లాట్ వై ఫేజు మీద. మధ్యలో న్యూట్రల్ పోతే ఆ రెండు ఫ్లాట్ల లోడ్లూ వరసగా కలిసి 400 వోల్టుల మధ్య వేలాడతాయి. ఆర్ మీద 1000 వాట్ల గీజర్ ఆన్‌లో ఉంది, వై మీద 100 వాట్ల టీవీ ఒక్కటే ఉంది, బీ మీద ఏమీ లేదు అనుకో. ఓములు తీసి లెక్క కడితే గీజర్‌కి దాదాపు 36 వోల్టులు, టీవీకి 364 వోల్టులు. ఎవరి లోడు తక్కువైతే వాళ్ళ వస్తువులు కాలతాయి. పాపం టీవీ వాళ్ళు ఏ తప్పూ చేయలేదు.

ఎక్కువగా ఇది మీటర్ ప్యానెల్లో అల్యూమినియం కేబులూ రాగి బస్‌బారూ (పట్టీ) కలిసే చోట అవుతుంది. రెండు లోహాలు నేరుగా బిగిస్తే కొన్నాళ్ళకి జాయింటు తెల్లగా పొడిబారుతుంది, వేడెక్కుతుంది, చివరికి కాలుతుంది. బైమెటాలిక్ లగ్గు (రెండు లోహాలతో చేసిన కేబుల్ కొస) వేయాలి. ఏడాదికోసారి సప్లై ఆపి బిగింపు చూడాలి.

రిటైర్డ్ ఏఈ

దీనికి ఇంకో మాట కలుపుతాను. పాత పెంకుటిళ్ళలో చూడండి, మీటర్ పక్కన పింగాణీ కట్‌అవుట్లు (ఫ్యూజు కట్టేవి) రెండుంటాయి, ఒకటి ఫేజుకీ ఒకటి న్యూట్రల్‌కీ. న్యూట్రల్‌లో ఫ్యూజు పెట్టకూడదని 1956 నాటి విద్యుత్ నిబంధనల్లో 32వ రూలే ఉండేది. ఫేజు ఫ్యూజు ఉండగా న్యూట్రల్‌ది పోతే ఇల్లంతా చీకటి, కానీ ప్రతి హోల్డర్లోనూ కరెంటు. బల్బు మారుద్దామని చెయ్యి పెట్టినవాళ్ళు ఎగిరిపడేది అందుకే. ఇంకా అలాంటివి ఉన్నవాళ్ళు న్యూట్రల్ వైపు ఫ్యూజు తీసేయించి నేరుగా లింకు వేయించండి.

కొత్తిల్లు

తవ్వించాం. ఏఈ గారూ, ఫోటో తీశాను గానీ ఇక్కడ ఎక్కించడం రావడం లేదు, మాటల్లో చెప్తాను. పేవర్ బ్లాకుల కింద జాన లోతున పైపు నోరు కనిపించింది. దానికి క్లాంపు గానీ బోల్టు గానీ లేదు. జీఐ తీగని పైపు మెడకి రెండు చుట్లు చుట్టి, మీద ఇంత సిమెంటు మెత్తారు. తీగ తుప్పు పట్టి పొరలు పొరలుగా ఉంది. మేస్త్రీ చీపురుపుల్లతో కదిలించాడు, అంతే, రెండు ముక్కలై చేతికొచ్చింది. బ్లాకులు వేసేటప్పుడు వైబ్రేటర్ అదురుకి అప్పటికే సగం తెగి ఉండాలి.

ఈసారి వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. పైపు మెడ గీకి, జీఐ క్లాంపు రెండు బోల్టులతో బిగించి, 25 × 3 జీఐ పట్టీ డీబీ దాకా తెచ్చాడు. చుట్టూ ఇటుక గది కట్టి మూత పెట్టించాను. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 4.6 ఓములు వచ్చింది. మెషీన్ మీద చెయ్యి వేస్తే ఇప్పుడు ఏమీ లేదు. న్యూట్రల్–ఎర్త్ మధ్య 1.3 వోల్టులు చూపిస్తోంది. 4.6 మంచిదేనా? ఒక ఓము లోపే ఉండాలని మా బావమరిది అంటున్నాడు.

రిటైర్డ్ ఏఈ

మీ బావమరిది చెప్పేది సబ్‌స్టేషన్లకి. ఇంటికి ఒకే పైపుతో 4.6 రావడం మీ అదృష్టం, డెల్టా నల్లమట్టి కాబట్టి వచ్చింది. ఎర్తింగ్‌కి మన దేశ ప్రమాణం ఐఎస్ 3043లో పైపు ఎర్త్‌కి సూత్రం ఉంది. 40 మిల్లీమీటర్ల పైపు రెండున్నర మీటర్లు దించితే, మట్టి రెసిస్టివిటీ (కరెంటుని అడ్డుకునే గుణం) 50 ఓమ్ మీటర్లున్న నేలలో దాదాపు పదిహేడున్నర ఓములు వస్తుంది. అదే 10 ఓమ్ మీటర్ల రేగడిలో మూడున్నర. హైదరాబాద్‌లో గ్రానైటు బండ మీద కట్టిన ఇళ్ళలో ఎంత ఉప్పు పోసినా వందలు దాటుతుంది.

అందుకే అంకె వెనక పరిగెత్తొద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, బాడీ మీద 50 వోల్టులు దాటకుండా పడాలంటే ఎర్త్ 1666 ఓములున్నా సరిపోతుంది. 50ని 0.03తో భాగించి చూసుకోండి. వర్షాకాలం ఎండాకాలం తేడా పోను 100 ఓముల లోపు నిలకడగా ఉంటే ఇంటికి చాలు. మీ దగ్గర ఇప్పుడు కావలసింది రెండో గొయ్యి కాదు, ఆ తీసేసిన ఆర్‌సీసీబీలు.

కొత్తిల్లు

కొత్తతను రెండూ మళ్ళీ లైన్లోకి పెట్టాడు. టెస్ట్ బొత్తం నొక్కితే పడుతున్నాయి. కానీ పైన బెడ్‌రూమ్ లైటు వేస్తే రెండూ ఒకేసారి పడుతున్నాయి. పాతాయన తీసేసింది ఇందుకే. ఎర్త్ బాగైనా ఎందుకు పడుతున్నాయి?

ఫ్యూజువైరు

రెండూ ఒకేసారి పడుతున్నాయంటే ఇన్వర్టర్ న్యూట్రల్. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

ఆర్‌సీసీబీ చేసేది ఒకటే పని. ఫేజులో ఎంత వెళ్ళింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది అని తూకం వేస్తుంది. తేడా 15 నుంచి 30 మిల్లీ ఆంపియర్ల మధ్యకి వస్తే పడుతుంది. టెస్ట్ బొత్తం లోపలున్న ఒక రెసిస్టర్‌తో ఆ తేడాని దొంగగా సృష్టిస్తుంది, అంతే. అది పనిచేసినంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, మీ గొయ్యి తెగి ఉన్నప్పుడు నొక్కినా పడేది.

మీ ఇన్వర్టర్‌కి సప్లై కింది డీబీ నుంచి తీశారు. దాని అవుట్‌పుట్ ఒకే ఒక్క ఫేజు వైరుగా పైకి లాగి పై లైట్లకి ఇచ్చారు. ఆ లైట్ల న్యూట్రల్ పాతదే, పై డీబీ న్యూట్రల్ బార్‌కి వెళ్తోంది. అంటే కరెంటు కింది ఆర్‌సీసీబీలోంచి వెళ్ళి, పై ఆర్‌సీసీబీలోంచి తిరిగొస్తోంది. కింది దానికి వెళ్ళింది రాలేదు, పైదానికి పంపనిది వచ్చింది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి వేసినా 39 మిల్లీ ఆంపియర్లకి తగ్గదు, రెండూ పడతాయి. పాపం ఆర్‌సీసీబీది తప్పు లేదు, చెప్పిన పనే చేస్తోంది. తిట్లు తింటోంది.

పరిష్కారం: ఇన్వర్టర్ లైట్లకి ఫేజుతో పాటు దాని సొంత న్యూట్రల్ కూడా లాగాలి. డీబీలో మూడో న్యూట్రల్ బార్ పెట్టి, ఇన్వర్టర్ న్యూట్రల్స్ అన్నీ దాని మీదకే తేవాలి. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి ఇంకో ఆర్‌సీసీబీ పెట్టిస్తే ఇంకా మంచిది. ఇల్లు కట్టేటప్పుడైతే రూపాయి పని, ఇప్పుడు పైపులో వైరు దూరుతుందో లేదో చూడాలి.

ఐటీ ఎలక్ట్రికల్స్ (గచ్చిబౌలి)

మిల్లు అన్న న్యూట్రల్ సైజు మాట ఎత్తాడు కాబట్టి, ఇక్కడ ఒక చేదు విషయం. మన దగ్గర మూడున్నర కోర్ కేబుల్ అని ఒకటి దొరుకుతుంది. ఫేజులు 95 చదరపు మిల్లీమీటర్లు, న్యూట్రల్ 50. మోటార్ల కాలంలో అది సబబే. ఇప్పుడు ఆఫీసు నిండా కంప్యూటర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, యూపీఎస్‌లు. ఇవి కరెంటుని నున్నగా తీసుకోవు, కొరుక్కుని తీసుకుంటాయి. అందులో 150 హెర్ట్జ్ థర్డ్ హార్మోనిక్ (మామూలు 50 హెర్ట్జ్‌కి మూడు రెట్ల వేగంతో ఊగే కరెంటు) మూడు ఫేజుల్లోనూ ఒకే సమయానికి వస్తుంది కాబట్టి న్యూట్రల్‌లో కొట్టేసుకోదు, కలిసి పెరుగుతుంది. లోడు చక్కగా బాలెన్స్ అయినా న్యూట్రల్‌లో ఫేజుకి 1.7 రెట్ల దాకా పారే వీలుంది. మా బిల్డింగ్‌లో ఫేజులు చల్లగా ఉండి న్యూట్రల్ లగ్గు మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే క్లాంప్ మీటర్ వేసి చూశాం. ఫేజుల్లో 80 ఆంపియర్ల చొప్పున ఉంటే న్యూట్రల్‌లో 110. ఇలాంటి లోడుకి నాలుగు కోర్లూ సమానంగా ఉన్న కేబులే వేయాలి, కొన్నిచోట్ల న్యూట్రల్‌ని రెట్టింపు చేస్తారు.

మిల్లు మెయింటెనెన్స్

నిజం. ఇంకో చిక్కు రంగులది. మన పాత పద్ధతిలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. యూరప్ నుంచి వచ్చిన మెషీన్లో నీలం న్యూట్రల్, నలుపు ఫేజు! ఆ ప్యానెల్ విప్పేటప్పుడు రంగు చూసి నమ్మితే అయిపోయినట్టే, మీటర్ పెట్టి చూసుకోవాలి. పచ్చ లేదా పచ్చ–పసుపు చారల వైరు ఒక్కటే రెండు చోట్లా ఎర్త్.

వైర్‌మన్ అన్న

అంతా చదివా. సరే, ఇక లూపు వేయను. ఒక్కటి చెప్పండి. మేము పనిచేసే ఇళ్ళు సగం 80ల నాటివి. పైపుల్లో పచ్చ వైరే లాగలేదు, గోడలు పగలగొట్టనివ్వరు, డబ్బులూ ఉండవు. అక్కడేం చేయాలి?

రిటైర్డ్ ఏఈ

అసలైన ప్రశ్న ఇదే తమ్ముడూ. మొదటి పని, మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టు. పచ్చ వైరు లేకపోయినా అది పనిచేస్తుంది, కాకపోతే తేడా ఉంది. ఎర్త్ ఉంటే బాడీకి ఫేజు తగిలిన క్షణమే పడుతుంది. ఎర్త్ లేకపోతే మనిషి ముట్టుకుని, అతని ఒంట్లోంచి కరెంటు పారాక పడుతుంది. దెబ్బ తగులుతుంది, ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ.

పెట్టగానే పడిందంటే ఎక్కడో న్యూట్రల్ గోడ తడికి తగులుతోంది, లేదా ఎవరో ముందే లూపు వేసి ఉంచారు. డైరెక్ట్ చేయకుండా ఒక్కో సర్క్యూట్ ఫేజూ న్యూట్రలూ రెండూ విప్పి మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) చూడు. ఎంసీబీ ఒక్కటి దించితే న్యూట్రల్ తప్పు బయటపడదు.

రెండో పని, ఇల్లంతా కాకపోయినా గీజర్, వాషింగ్ మెషీన్, నీళ్ళ మోటారు, ఫ్రిజ్ ఈ నాలుగింటికైనా పచ్చ వైరు బయటి నుంచి పీవీసీ పట్టీలో లాగు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి చాలు. నేరుగా గొయ్యికి కాదు, డీబీలో ఎర్త్ బార్ పెట్టి దాని మీదకి, అక్కడి నుంచి గొయ్యికి. కొళాయి పైపుకి కట్టొద్దు, మధ్యలో ఎక్కడో ప్లాస్టిక్ ముక్క వేసి ఉంటారు.

వైర్‌మన్ అన్న

కొళాయి పైపుకి కట్టినవి రెండిళ్ళు గుర్తున్నాయి. రేపే వెళ్ళి విప్పుతా.

కొత్తిల్లు

మాకు పైపులో ఇంకో వైరు దూరింది. ఇన్వర్టర్‌కి విడి న్యూట్రల్ లాగాడు, పొద్దుటి నుంచి అన్ని లైట్లూ వేసి ఉంచాం, రెండూ నిలబడ్డాయి. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి వేరే ఆర్‌సీసీబీ రేపు తెస్తానన్నాడు, 25 ఆంపియర్లది సరిపోతుందా?

ఫ్యూజువైరు

సరిపోతుంది. రెండు పోల్‌ది (ఫేజూ న్యూట్రలూ రెండూ దానిలోంచి పోయేది), 30 మిల్లీ ఆంపియర్లది తెమ్మనండి. 100, 300 అని ఉన్నవి కూడా షాపులో అంటగడతారు, అవి మనుషుల కోసం కాదు. బిగించాక ఇన్వర్టర్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు టెస్ట్ బొత్తం ఒకసారి, మెయిన్ కరెంటు మీద ఉన్నప్పుడు ఒకసారి నొక్కి చూడండి.